రైల్ భవన్‌కు కనిపించని దారులు

2025 డిసెంబరు 20వ తేదీన, ఇంకా తెల్లవారకముందే, మిజోరంలోని సైరంగ్ నుంచి ఢిల్లీకి వస్తున్న రాజధాని ఎక్స్‌ప్రెస్ అస్సాంలోని హోజాయి జిల్లాలో ఒక ఏనుగుల మందను ఢీకొన్నది. ఇంజనూ, ఐదు బోగీలూ పట్టాలు తప్పాయి. ప్రయాణీకులలో ఒక్కరికీ గాయం తగలలేదు. ఏనుగులు మాత్రం ఏడింటికి తక్కువ కాకుండా చనిపోయాయి. వాటిలో గున్నలూ ఉన్నవి. మందను చూసిన వెంటనే డ్రైవరు అత్యవసరపు బ్రేకు వేశాడనీ, అయినప్పటికీ ప్రమాదం తప్పలేదనీ రైల్వే వారు తెలియజేశారు. దానితో పాటు మరొక మాట కూడా చెప్పారు. ప్రమాదం జరిగిన చోటు ఏనుగుల కారిడారుగా గుర్తించిన చోటు కాదట.

ఆ మాట అబద్ధం కాదు. కాని రాజధానిలో చాలా కాలంగా కాపురముంటున్న వానికి అటువంటి నిజాల అర్థం కొంత తెలుస్తుంది. ఒక చోటు పేరు జాబితాలో లేకపోతే అక్కడ జరిగినదానికి ఎవరికీ పూచీ లేదని చెప్పడానికి ఢిల్లీలో వాడే మర్యాదైన భాష అది.

ఏనుగుల కారిడార్ల జాబితా ఉన్న మాట వాస్తవమే. కేంద్ర పర్యావరణ శాఖ 2023లో ప్రకటించిన పత్రం ప్రకారం 15 రాష్ట్రాలలో అటువంటివి 150 ఉన్నవి. 2005లో ఆ లెక్క 88గా ఉండేది. రెండు అడవుల మధ్య మిగిలిన ఇరుకు దారిని కారిడారు అంటారు. అంటే, అడవి దండిగా ఉన్న రోజుల్లో కారిడారనే మాటకు అవసరమే లేదు. అడవి చిన్నదయిన కొద్దీ ఆ జాబితా పెద్దదవుతున్నదన్నమాట! ఇక అస్సాంలో మార్గశిర మాసం వరి పండే కాలం. పైరు పక్వానికి వచ్చిన మళ్లకు ఏనుగులు ఏ దారిన పోతాయో ఆ మళ్ల రైతులకు తెలుసు, అటవీ గార్డులకు తెలుసు, పట్టాల మీద రాత్రి గస్తీ తిరిగే గ్యాంగ్‌మన్లకూ తెలుసు. తెలియనిది జాబితాకే.

మిజోరం ప్రజలకు రైలు రావడాన్ని నేను ఆక్షేపించడం లేదు. బైరబీ నుంచి సైరంగ్ వరకు 51 కిలోమీటర్ల లైను 2025 సెప్టెంబరులో ప్రారంభమైనప్పుడు ఐజ్వాల్ నగరం దేశపు రైలు పటంలోకి వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన ఏడున్నర దశాబ్దాలకు వచ్చిన రైలు అది. దానికి వారు నూటికి నూరు పాళ్లు హక్కుదారులు. పైగా ప్రమాదం జరిగినది ఆ కొత్త లైను మీద కాదు, అస్సాంలోని పాత లైను మీద. కొత్త లైను వేసేటప్పుడు దాని మీది బండ్లు పోయి కలిసే పాత లైనును గురించి ఎవరు ఆలోచించాలి? రైల్ భవన్‌లో ఇది ఒక శాఖ పని కాదు. అందువల్ల ఎవరి పనీ కాదు.

పర్యావరణ శాఖ లెక్కల ప్రకారం 2009-10 నుంచి 2020-21 వరకు దేశంలో రైళ్ల కింద పడి 186 ఏనుగులు చనిపోయాయి. అస్సాంలో 62, పశ్చిమ బెంగాల్‌లో 57, ఒడిశాలో 27. ఈ మూడు రాష్ట్రాలలోనే నాలుగింట మూడు వంతులకు మించి జరిగాయంటే ఇది దేశమంతటా అప్పుడప్పుడు సంభవించే దురదృష్టం కాదని తేలుతున్నది. కొన్ని నిర్దిష్టమైన లైన్ల మీద, కొన్ని నిర్దిష్టమైన కారణాల వల్ల జరుగుతున్న పని ఇది.

వాటిలో అన్నిటికంటె ప్రసిద్ధికెక్కినది ఉత్తర బెంగాల్‌లోని సిలిగురి–అలీపుర్‌ద్వార్ లైను. మహానంద, చాప్రామారి, జల్దాపారా, బక్సా అడవుల గుండా పోయే ఈ లైను ఒకప్పుడు మీటర్ గేజి. బండ్లు తక్కువ, వేగం తక్కువ. ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో దానిని బ్రాడ్ గేజిగా మార్చారు. దేశానికి అది అవసరమే కావచ్చు. ఈశాన్య రాష్ట్రాలకు పోయే దారి ఆ ప్రాంతంలో ఎంత ఇరుకో పాఠకులకు విదితమే. కాని గేజి మారిన తరువాత బండ్లు పెరిగాయి, వేగం పెరిగింది, రాత్రి గూడ్సులు పెరిగాయి, దానితో చావులూ పెరిగాయి. 2010 సెప్టెంబరులో బనార్‌హాట్ దగ్గర ఒక గూడ్సు బండి ఏడు ఏనుగులను బలి తీసుకున్నది. అంతకు కొద్ది రోజుల క్రితమే మహేశ్ రంగరాజన్ అధ్యక్షతన ఏర్పడిన కార్యదళం ఏనుగుల రక్షణ మీద తన నివేదికను ప్రభుత్వానికి సమర్పించి ఉన్నది. ఆ తరువాత నెలలోనే ప్రభుత్వం ఏనుగును జాతీయ వారసత్వ జంతువుగా ప్రకటించింది. మూడేళ్లు తిరిగాయి. 2013 నవంబరు 13న అదే లైను మీద చాప్రామారి అడవి పక్కన, జల్‌ఢాకా నది వంతెన దగ్గర, కవిగురు ఎక్స్‌ప్రెస్ మరొక మందను ఢీకొన్నది. మళ్లీ ఏడు.

ఇది ఉత్తర బెంగాల్ గొడవ, మనకేమిటి అనుకునే వారికి మరొక తేదీ జ్ఞాపకం చేస్తాను. 2012 డిసెంబరు 30న ఒడిశాలోని గంజాం జిల్లాలో, రంభ దగ్గర, కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ కింద ఐదు ఏనుగులు చనిపోయాయి. ఇచ్ఛాపురం నుంచి నెల్లూరు దాకా మన వారందరూ కలకత్తాకు, మద్రాసుకు ఎక్కే బండి అది.

ఇన్ని మరణాలు చెప్పిన తరువాత, ఇవి ఆపరానివి కావని నిరూపించిన చోటు గురించి చెప్పడం న్యాయం. ఆ చోటు ఢిల్లీకి దూరం కూడా కాదు. హరిద్వార్ నుంచి డెహ్రాడూన్ పోయే లైను సుమారు 18 కిలోమీటర్ల మేర రాజాజీ అడవి గుండా పోతుంది. మన వైపు నుంచి యాత్రలకు వచ్చే వారు హరిద్వార్‌లో దిగిపోతారు గనుక ఆ తరువాతి దారిని చూడరు. 1987 నుంచి పదిహేనేళ్ల కాలంలో అక్కడ 20 ఏనుగుల వరకు రైళ్ల కింద పడ్డాయి. అప్పుడు అటవీశాఖ, రైల్వే, వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా అనే స్వచ్ఛంద సంస్థ కలిసి కూర్చున్నాయి. ఏనుగులు ఎక్కడ, ఏ వేళ, ఎందుకు చనిపోతున్నాయో మైలు మైలుకూ నడిచి చూశారు.

చూస్తే తేలినది ఇది. మలుపుల దగ్గర పొదలు పెరిగి డ్రైవరుకు పట్టా కనిపించదు. రెండు వైపులా నిటారుగా గట్లు ఉన్న చోట, పట్టాల మీదికి దిగిన ఏనుగు రైలు వస్తున్నదని తెలిసినా పక్కకు ఎక్కలేదు. పట్టాల వెంటే ముందుకు పరుగెత్తుతుంది. బండిలో మిగిలిన అన్నం, రొట్టెలు, అరటి తొక్కలు బయటికి విసిరితే ఆ వాసనకు అవి పట్టాల దగ్గరకు వస్తాయి. వేసవిలో ఒక వైపు అడవిలో నీరు ఎండిపోతే రెండవ వైపు నీటికోసం రాత్రిపూట లైను దాటుతాయి. ఈ నాలుగు కారణాలలో ఏనుగు తప్పు ఒక్కటైనా ఉన్నదేమో పాఠకులే చెప్పాలి.

చేసిన పనులు కూడా అంతే సామాన్యమైనవి. మలుపుల దగ్గర పొదలు కొట్టారు. నిటారు గట్లను తవ్వి వాలుగా చేశారు. తిండి పదార్థాలు పారవేయకుండా కట్టుదిట్టం చేశారు. రాత్రిళ్లు అటవీ సిబ్బందీ, రైల్వే సిబ్బందీ కలిసి లైను వెంట గస్తీ తిరిగి, మంద దగ్గరలో ఉంటే స్టేషనుకు కబురు చేశారు. డ్రైవర్లను పిలిచి మాట్లాడారు, పాఠం చెప్పినట్లు కాక వారి అనుభవం అడిగి తెలుసుకున్నారు. దాదాపు పదేళ్ల పాటు ఆ 18 కిలోమీటర్లలో ఒక్క ఏనుగు కూడా రైలు కింద పడలేదు. తరువాత గస్తీ సడలినప్పుడు మళ్లీ కొన్ని మరణాలు సంభవించాయి. కాబట్టి ఒకసారి చేసి మరచిపోయే పని కాదిది. పట్టాల బోల్టులు బిగించినట్లు నిత్యం చేయవలసిన పని.

రాజాజీలో తేలిన ఈ విషయాన్నే ఇటీవల పర్యావరణ శాఖ పెద్ద ఎత్తున నిర్ధారించింది. వన్యప్రాణి సంస్థ నిపుణులు, రైల్వే, రాష్ట్రాల అటవీశాఖలు కలిసి దేశంలో 127 చోట్ల, 3,452 కిలోమీటర్ల లైనును పరిశీలించి, అందులో 14 రాష్ట్రాలలోని 77 భాగాలు, అంటే 1,965 కిలోమీటర్లు, అత్యవసరంగా సరిదిద్దవలసినవని తేల్చారు. అక్కడ మొత్తం 705 నిర్మాణాలు కావాలన్నారు. ఆ అంకెను మంత్రులు, అధికారులు ఉపన్యాసాలలో ఉదహరిస్తూనే ఉన్నారు గాని, దాని లోపలి లెక్కను ఎవరూ విడదీసి చెప్పరు. నేను విడదీసి చూశాను. ఆ 705లో 503 కేవలం ర్యాంపులూ, లెవెల్ క్రాసింగులూ! అంటే గట్టును తవ్వి వాలు చేయడం, జంతువులు సులువుగా ఎక్కి దిగే దారి ఏర్పరచడం. పట్టాల కింద నుంచి కొత్త దారులు 65, పై నుంచి వంతెనలు 22, ఉన్న వంతెనల పొడిగింపులు 72. మిగిలినవి కంచెలు, బయటికి పోయే ర్యాంపులు. మొత్తంలో నూటికి డెబ్బైకి పైగా మట్టి పనే. పారా, గంపా, ఒక బుల్‌డోజరూ ఉంటే అయ్యే పని.

మట్టి పనికి ప్రారంభోత్సవం ఉండదు. రిబ్బను కత్తిరించడానికి వాలు గట్టు పనికిరాదు. ఈ దేశంలో అనేక మంచి పనులు ఆగిపోవడానికి ఇంతకంటె లోతైన కారణం వెతకనవసరం లేదని నాకు అప్పుడప్పుడు అనిపిస్తూ ఉంటుంది.

అందువల్లనే ఢిల్లీకి యంత్రాల మీద మోజు ఎక్కువ. 2023 నవంబరులో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ‘గజరాజ్’ అనే ఏర్పాటును ప్రకటించారు. పట్టాల పక్కన భూమిలో వేసిన ఆప్టికల్ ఫైబరు తీగ ఏనుగు అడుగుల అదురును పసిగట్టి కంట్రోలు గదికి చెబుతుంది. 700 కిలోమీటర్ల మేర, 181 కోట్ల రూపాయల ఖర్చు. అంతకు ఏడాది ముందే, 2022 డిసెంబరులో, ఈశాన్య సరిహద్దు రైల్వేలో దానిని ప్రయోగించి చూశారు. తమిళనాడు ప్రభుత్వం కోయంబత్తూరు దగ్గర మదుక్కరైలో మరొక మార్గం పట్టింది. 2021 నవంబరులో అక్కడికి దగ్గరలో మూడు ఏనుగులు రైలు కింద పడిన తరువాత, 2024 ఫిబ్రవరిలో 12 టవర్ల మీద 24 కెమెరాలు బిగించి, 7 కిలోమీటర్ల లైనును రాత్రింబవళ్లు కనిపెట్టే ఏర్పాటు చేసింది. అయిన ఖర్చు 7 కోట్ల 24 లక్షలు. దానితో పాటు పట్టాల కింద రెండు దారులు కూడా ఏర్పడ్డాయి. ఆ ఏర్పాటు వల్ల మంచి జరిగిందని అటవీ అధికారులు చెబుతున్నారు. నమ్మకపోవడానికి కారణం లేదు. అంతకుముందు తేనెటీగల ఝంకారాన్ని లౌడ్‌స్పీకర్లలో వినిపించి ఏనుగులను పట్టాల దగ్గరకు రాకుండా బెదిరించే ప్రయత్నం కూడా అస్సాంలో జరిగింది. చవక పరికరమది, తెలివైన ఊహ కూడా.

యంత్రాల పట్ల నాకు విముఖత లేదు. కాని యంత్రం చేసేది హెచ్చరిక మాత్రమే. గంటకు నూరు కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి బ్రేకు వేసిన తరువాత ఆగడానికి దాదాపు కిలోమీటరు పడుతుంది. నిండు గూడ్సు అయితే మరీ కష్టం. హెచ్చరిక అందిన తరువాత బండి నెమ్మదిగా పోవాలంటే, ఆలస్యమైనందుకు డ్రైవరును సంజాయిషీ అడగకూడదు. రైల్వే ఇంజనీరుగా పనిచేసి పదవీ విరమణ చేసిన మిత్రుడొకరు ఈ మధ్య కాన్‌స్టిట్యూషన్ క్లబ్బు దగ్గర కలిసినప్పుడు ఈ మాటే అన్నారు. బండి వేళకు నడవాలని ఒక అధికారి, ఏనుగు కనబడితే ఆపమని ఒక అధికారి. ఇద్దరి మధ్య నలిగేది క్యాబినులో కూర్చున్న మనిషేనని ఆయన బాధ. 2020 సెప్టెంబరులో అస్సాంలోని లుమ్డింగ్ అడవిలో తల్లి ఏనుగు, గున్న ఒక ఇంజను కింద పడినప్పుడు ఏమయింది? డ్రైవరును సస్పెండు చేశారు. ఆ తరువాత అస్సాం అటవీశాఖ వన్యప్రాణి చట్టం కింద ఏకంగా ఆ రైలింజనునే జప్తు చేసింది! రాష్ట్ర ప్రభుత్వపు అటవీ అధికారి కేంద్ర ప్రభుత్వపు ఇంజనును జప్తు చేసి, మళ్లీ రైల్వే వారికే అప్పగించిన ఆ ఘట్టం మన సమాఖ్య వ్యవస్థ చరిత్రలో ఒక చిన్న వినోదం. జప్తు కావలసినది ఇంజను కాదు, దాని దారి గీసిన కాగితం.

అసలు విషయానికి అక్కడే వస్తున్నాను. రైలు మార్గం ఎటు పోవాలి, కట్ట ఎంత ఎత్తు ఉండాలి, ఎక్కడ మలుపు తిరగాలి, కింద నుంచి దారి ఎక్కడ వదలాలి అనేవి కాగితం మీద పెన్సిలు ఉన్న దశలో తేలవలసినవి. ఆ దశలో ఒక వంతెన కమాను పది అడుగులు వెడల్పు చేయడానికి అయ్యే ఖర్చు లెక్కలోకి రాదు. పట్టాలు పడిన తరువాత అదే పనికి లైను ఆపాలి, టెండరు పిలవాలి, అయిదేళ్లు ఆగాలి. కాని మన చట్టం ఆ పెన్సిలు దశలోనే రైల్వేను వదిలివేసింది. పర్యావరణంపై ప్రభావాన్ని ముందుగా అంచనా వేయించి అనుమతి పొందవలసిన ప్రాజెక్టుల పట్టిక ఒకటి 2006 నాటి కేంద్ర నోటిఫికేషనులో ఉన్నది. అందులో గనులు ఉన్నవి, ఆనకట్టలు ఉన్నవి, జాతీయ రహదారులు ఉన్నవి, విమానాశ్రయాలు ఉన్నవి. రైలు మార్గాలు లేవు. రైలు కాలుష్యం తక్కువ చేసే వాహనం కాబట్టి దానికి అంచనా అవసరం లేదని ఒక వాదన. పొగ విషయంలో అది నిజమే. కాని ఏనుగు పొగ వల్ల చనిపోవడం లేదు.

మిగిలినవి అడవి భూమికి అనుమతి, అభయారణ్యానికి అనుమతి. అంటే మళ్లీ ప్రశ్న జాబితా దగ్గరకే వచ్చి ఆగుతుంది. భూమి పేరు కాగితం మీద అడవి అయితేనే, అభయారణ్యం అయితేనే ఢిల్లీలో ఫైలు కదులుతుంది. హోజాయి వంటి చోట ఫైలే లేదు.

ఫైలు ఉన్న చోట ఏమవుతుందో చూద్దాం. గోవా సరిహద్దులో క్యాసిల్ రాక్ నుంచి కుళెం వరకు పశ్చిమ కనుమల మీదుగా రెండవ లైను వేయడానికి జాతీయ వన్యప్రాణి మండలి స్థాయీ సంఘం అనుమతి ఇచ్చింది. 2022 మే 9న సుప్రీంకోర్టు దానిని రద్దు చేసింది. ఆ ధర్మాసనానికి నాయకత్వం వహించినది మన లావు నాగేశ్వరరావుగారు. వన్యప్రాణులను కాపాడవలసిన మండలి ఇచ్చిన అనుమతిని న్యాయస్థానం కొట్టివేయవలసి రావడం ఆ మండలికి గౌరవం కాదు.

రెండవ ఉదాహరణ మనకు ఇంకా దగ్గరిది. కాచిగూడ నుంచి అజ్మీరుకు మీటర్ గేజి రైలు పోయే రోజులు జ్ఞాపకమున్న వారు ఈ పాఠకులలో చాలా మంది ఉంటారు. నాందేడ్, పూర్ణా, అకోలా దాటిన తరువాత ఖండ్వా వైపు ఆ బండి సాత్పురా కొండలలో మెలికలు తిరుగుతూ, మేల్ఘాట్ పులుల అడవిలో సుమారు 39 కిలోమీటర్లు పోయేది. దానిని బ్రాడ్ గేజి చేయాలన్నప్పుడు పాత దారినే పోదామని రైల్వే పట్టు పట్టింది. వన్యప్రాణి మండలి సంఘం కూడా సరేనన్నది. అప్పటికే ఆ అడవి నుంచి గ్రామాలను తరలించి ఉన్నారు. మనుషులను తరలించిన చోటికి ఎక్స్‌ప్రెస్ బండ్లను పంపడమేమిటని ప్రశ్న వచ్చింది. 2021లో మహారాష్ట్ర ముఖ్యమంత్రి ఉద్ధవ్ థాకరే రైల్వే మంత్రికి లేఖ రాసి, అడవి బయట నుంచి బుల్ఢాణా జిల్లా గ్రామాల మీదుగా లైను తీసుకుపొమ్మన్నారు. చుట్టు దారి అయినా ఊళ్లకు రైలు వస్తుంది, పులికి అడవి మిగులుతుంది. చివరకు రైల్వే ఒప్పుకున్నది. దీని వెనుక ఉన్నది పర్యావరణ ప్రేమ ఒక్కటే అని నేను అనను. లైను వస్తే ఓట్లుండే గ్రామాలు అడవి బయటే ఉన్నవి. రాజకీయం ఒకసారి పులి పక్షాన నిలబడింది, అంతే. నిలబడినందుకు సంతోషమే.

ఇక అస్సాంలోని జోర్‌హాట్ జిల్లా హొల్లొంగాపార్ అడవి సంగతి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. 21 చదరపు కిలోమీటర్ల కంటె కొంచెం తక్కువ ఉండే ఆ చిన్న అడవి హూలాక్ గిబ్బన్‌లకు నెలవు. మన దేశంలో ఉన్న తోకలేని వానర జాతి అదొక్కటే. కొమ్మ నుంచి కొమ్మకు ఊగుతూ బ్రతికే జీవి. నేల మీదికి దిగడం దాదాపు లేదు. బ్రిటిషు వారి కాలంలో వేసిన రైలు మార్గం ఆ అడవిని రెండు ముక్కలు చేసింది. పట్టాలకు పైన కొమ్మలు కలవకపోతే అవతలి ముక్కలోని కుటుంబానికీ ఇవతలి వాటికీ సంబంధం తెగిపోతుంది. 2015లో అక్కడ ఒక ఇనుప వంతెన కట్టారు. గిబ్బన్‌లు దాని వైపు చూడలేదు. ఇనుము మనిషికి వంతెన. వాటికి కొమ్మ వంతెన. చెట్లను పెంచి కొమ్మలు కలిసేటట్లు చేయడమూ, అంతవరకు తాళ్లతో దారులు కట్టడమూ మంచిదని నిపుణులు చెబుతున్నారు. ఈలోగా అదే లైను డబ్లింగు, విద్యుదీకరణ ప్రతిపాదనలు వచ్చాయి. ఖాళీ ఇంకా వెడల్పవుతుంది, పైగా 25 వేల వోల్టుల తీగ వస్తుంది.

పొరుగు దేశాలలో పరిస్థితి కూడా ఇట్లాగే ఉన్నది. 2025 ఫిబ్రవరిలో శ్రీలంకలో హబరణ ప్రాంతాన ఒక ప్యాసింజరు బండి కింద ఆరు ఏనుగులు చనిపోయాయి. బంగ్లాదేశ్‌లో దొహాజారి నుంచి కాక్స్ బజార్‌కు 2023 నవంబరులో ప్రారంభమైన కొత్త లైను చునాతి అభయారణ్యం మీదుగా పోతుంది. ఏనుగుల కోసం పట్టాల మీద 50 మీటర్ల వెడల్పు వంతెన కట్టి, మట్టి పోసి, చెట్లు పెంచారు. దక్షిణాసియాలో అటువంటిది అదే మొదటిది. అయినప్పటికీ 2024 అక్టోబరులో ఆ వంతెనకు సమీపంలోనే ఒక గున్న ఏనుగు రైలు తగిలి చనిపోయింది. వంతెన కట్టడంతో పని పూర్తి కాదన్నమాట. కాని వాళ్లు పెన్సిలు దశలో ఏనుగును గురించి ఆలోచించారు. మనం ఆ మాత్రం కూడా చేయడం లేదు.

ఏనుగుల మాట ఇంతసేపు చెప్పాను గాని, రైలు కట్ట పక్కనుండే జీవం ఏనుగొక్కటే కాదు. భారతీయ రైల్వేకు సుమారు 4 లక్షల 80 వేల హెక్టార్ల భూమి ఉన్నది. అందులో చాలా భాగం పట్టాలకు రెండు వైపులా సన్నని పట్టీలుగా దేశమంతటా సాగుతుంది. కట్ట కోసం మట్టి తీసిన గుంటలలో నీరు నిలిచి తామరలు, తుంగ పెరిగి, కొంగలు, నీటికోళ్లు చేరడం రైలు కిటికీ పక్కన కూర్చున్న ప్రతివారూ చూసినదే. ఊరి పోరంబోకులు, పశువుల బీళ్లు మాయమైన జిల్లాలలో గడ్డి జాతులకు, పురుగులకు, పిట్టలకు మిగిలిన చోటు ఆ పట్టీ ఒక్కటే. రైల్వే లెక్కలలో అది ఖాళీ భూమి. ఖాళీ భూమి అంటే లీజుకివ్వవలసినది, లేదా ఆక్రమణ నుంచి కాపాడుకోవలసినది. మొక్కలు నాటమంటే నీలగిరి, సుబాబుల్ నాటుతారు. లేకపోతే సర్కారు తుమ్మ తనంతట తాను ఆక్రమించుకుంటుంది.

బ్రిటన్‌లో పిట్టలు గూళ్లు పెట్టే కాలంలో రైలు పట్టాల పక్కన చెట్లు కొట్టివేస్తున్నారని 2018లో పెద్ద అలజడి రేగింది. ప్రభుత్వం జాన్ వార్లీ అనే ఆయన చేత విచారణ జరిపించి, రైలు పక్క భూమిని కూడా ఆస్తిగానే చూడాలని తేల్చింది. 2024 నాటికి అక్కడి జీవజాతులకు నికరంగా నష్టం లేకుండా చూడాలనీ, 2035 నాటికి ఉన్నదానికంటె మెరుగు చేయాలనీ నెట్‌వర్క్ రైల్ సంస్థ లక్ష్యం పెట్టుకున్నది. వాళ్లు ఎంత సాధిస్తారనేది వేరే విషయం. మన రైల్వేకు ఆ భూమిలో ఏముందో లెక్క పెట్టాలన్న తలంపే ఇంకా రాలేదు. గుడివాడ నుంచి భీమవరం పోయే లైను కైకలూరు, ఆకివీడు దగ్గర కొల్లేరు అంచున పోతుంది. ఆ లైను డబ్లింగు, విద్యుదీకరణ పూర్తయ్యాయి. గూడబాతులు ఎగిరే చోట తీగలు వేసేటప్పుడు ఆ పక్షుల మాట ఎంతమందికి తోచింది? గుంటూరు–గుంతకల్లు లైను దిగువమెట్ట దాటి నల్లమలలో ప్రవేశించే చోట రెండవ లైను పని మాట కూడా అటువంటిదే.

ఈ సంగతులు పార్లమెంటులో ఎందుకు రావు అని అడిగే వారికి ఒక చిన్న కారణం చెప్పగలను. 1924 నుంచి నడిచిన ప్రత్యేక రైల్వే బడ్జెటును 2017లో సాధారణ బడ్జెటులో కలిపివేశారు. ఏటా రైల్వే మీద సభ ప్రత్యేకంగా మాట్లాడే సందర్భం దానితో కుంచించుకుపోయింది. 2025-26లో రైల్వేకు కేటాయించిన మూలధనం 2 లక్షల 52 వేల కోట్ల రూపాయలు. అంత డబ్బు ఏ అడవి గుండా, ఏ చెరువు గట్టు మీదుగా ప్రవహిస్తుందో అడిగేవారు అరుదు. మన సభ్యులు లేచినప్పుడల్లా అడిగేది తమ ఊళ్లో ఎక్స్‌ప్రెస్ బండి ఆగాలని, కొత్త బండి కావాలని. ఆ కోరిక తప్పు కాదు. 181 కోట్ల గజరాజ్‌ను ఈ మొత్తం పక్కన పెట్టి చూసే తీరిక కూడా ఎవరో ఒకరికి ఉండాలి.

ఆ తీరిక చేసుకోవడానికి ఇప్పుడొక సందర్భం ఉన్నది. సికింద్రాబాదు నుంచి, విజయవాడ నుంచి ఢిల్లీ వచ్చే వారెవరైనా బల్హార్షా దాటకుండా రాలేరు. అక్కడి నుంచి చాందా ఫోర్ట్ మీదుగా గోందియా పోయే లైను ఒకటి తాడోబాకూ నాగజిరాకూ మధ్యనున్న పులుల అడవులను కోసుకుంటూ పోతుంది. 2018 నవంబరులో ఆ లైను మీద, చంద్రపూర్‌కు దగ్గరలో, ఆరేడు నెలల పులి పిల్లలు మూడు ఒక ప్యాసింజరు బండి కింద పడి చనిపోయాయి. తాడోబా నుంచి బయలుదేరిన పులులే ప్రాణహిత దాటి మన కాగజ్‌నగర్, ఆసిఫాబాద్ అడవులకు వచ్చి, అక్కడి నుంచి కవ్వాల్ వైపు పోతున్నవి. 2025 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం గోందియా–బల్హార్షా డబ్లింగుకు ఆమోదం తెలిపింది. 240 కిలోమీటర్లు, 4,819 కోట్ల రూపాయలు. ఉత్తరానికీ దక్షిణానికీ మధ్య సరకుల రవాణా తేలిక అవుతుందని మంత్రివర్గ ప్రకటన పేర్కొన్నది. తెలుగు జిల్లాల బొగ్గుకు, సిమెంటుకు, బియ్యానికి కూడా అందులో లాభం ఉన్నది. రెండవ లైను పడితే పులి దాటవలసిన వెడల్పు రెట్టింపు అవుతుంది, బండికీ బండికీ మధ్య దొరికే వ్యవధి తగ్గుతుంది. పట్టాల కింద దారులు ఎన్ని, ఎక్కడ, ఎంత వెడల్పున వదలాలో గీయవలసినది ఇటువంటి పనుల తొలి రోజులలోనే. రెండు తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది సభ్యులున్నారు. వారిలో ఒక్కరైనా ఆ లైను నకళ్లు తెప్పించుకుని, ఎన్ని దారులు గీశారో రైల్వే మంత్రిని అడగవచ్చు.